వసారా ముచ్చటలు: కోట్లకు కొన్నవారు

గత మాసమున ఈ పుటలో కార్తిక మాసపు వంటకములను గూర్చి వ్రాయుచు, ఈ మాసమున ధనుర్మాసపు ముగ్గుల సంగతి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. ముగ్గు వేయుటకు వాకిటిలోనికి పోవలెనన్న వసారా దాటి పోవలెను గదా. మా యింటి వసారాయందు నెల దినములుగా జరుగుచున్న తగవు మమ్ము ముగ్గు దాక పోనిచ్చుట లేదు.

తగవు పొలము గట్టును గూర్చి కాదు, పంపకములను గూర్చి కాదు. క్రికెట్టు ఆటగాండ్రను గూర్చి. ఆట యిప్పుడు లేదు. ఐ.పి.ఎల్. పోటీలు వేసవి ముఖమున గాని మొదలు కావు. ఆట లేని కాలముననే తగవు ముదురుట విచిత్రమని మేము మొదట అనుకొంటిమి. పిదప తెలిసినది. చలికాలమున జట్లవారు ఎవరి నుంచుకొందురో, ఎవరిని వదలుకొందురో ప్రకటింతురు. ఒక జట్టువారు తమ ఆటగాని నొసగి వేరొక జట్టువానిని పుచ్చుకొందురు. మిగిలినవారిని వేలము వేయుదురు. ఆట జరుగుచున్నప్పుడు చూడవలసినదే గాని చెప్పవలసినది తక్కువ. వేలమునాడు మాత్రము వసారాలో కూర్చున్న ప్రతివాడును యజమానియే.

అమెరికావారికి బేస్‌బాల్ అను ఆట గలదు. అదియు చలికాలమున ఆగిపోవును. అప్పుడు ఆ దేశపువారు వేడిపొయ్యి చుట్టును చేరి, ఎవరి నమ్మిరి, ఎవరిని కొనిరి, ఎవరు మోసపోయిరి అని వాదులాడుకొందురు. ఆ వాదులాటకు 'వేడిపొయ్యి పోటీ' అని పేరే పెట్టుకొనిరి. 1919 డిసెంబరున బోస్టను జట్టు యజమాని బేబ్ రూత్ అను ఆటగానిని లక్ష డాలర్లకు న్యూయార్కు జట్టునకు అమ్మివేసెను. 1918లో గెలిచియున్న బోస్టను జట్టు మరల గెలుచుటకు 2004 దాక పట్టినది. ఆ యమ్మకమును తాతలు తిట్టిరి, తండ్రులు తిట్టిరి, మనుమలును తిట్టిరి. మా యింట పొయ్యి మా చేతిలోనున్నది గనుక మావారు వసారాను ఆశ్రయించిరి. కాఫీ మాత్రము పొయ్యినుండియే పోవలెను.

వేలపు పద్ధతి గృహిణులకు సులభముగా బోధపడును. ప్రతి జట్టునకును ఇంత సొమ్మని హద్దు గలదు. 2008లో మొదటి వేలమునకు ఆ హద్దు ఏబది లక్షల డాలర్లు. 2025 పోటీలకు 120 కోట్ల రూపాయలు. ఆ సంచితోనే ఇరువదియైదుగురి దాక సమకూర్చుకొనవలెను. నెల మొదట పట్టుచీర కొన్నచో నెలాఖరున కందిపప్పునకు తడుముకొనవలసి వచ్చినట్లు, ఒక్కనిపై ఇరువది కోట్లు పెట్టినవారు తక్కినవారిని చౌకబేరమున వెదకుకొనవలెను. ఒక్క బేరము తప్పినచో సంసారమంతయు తప్పును. కనుక మావారి కోపమునకు కారణము లేకపోలేదు.

వసారాలో వాదులు ముగ్గురు. మా మరిదిగారు, మా పెద్దబ్బాయి, కొబ్బరి దింపు ముగిసినను కదలని దింపు మేస్త్రీ. ముగ్గురును హైదరాబాదు జట్టువారే. రాష్ట్రము రెండైనది గాని జట్టు ఒక్కటియే. ముమ్మిడివరమునుండి పోయి ఆ మైదానమును కంట చూచినవారు మా యింట లేరు. ఐనను 'మనవాళ్లు' అనియే వ్యవహారము.

మరిదిగారి చిట్టాలో మొదటి పేరు ఆండ్రూ సైమండ్స్. "పదమూడున్నర లక్షల డాలర్లండి వదినగారూ! ధోనీ తర్వాత అంత ధర ఇంకెవరికీ పలకలేదు. తెచ్చి ఏం బావుకున్నాం? అట్టడుక్కి పోయాం" అని వారి గోడు. 2008 ఫిబ్రవరి 20న బొంబాయి వేలమున హైదరాబాదు జట్టు, అప్పటి పేరు డెక్కన్ చార్జర్స్, ఆ ఆస్ట్రేలియావానిని ఆ ధరకు కొన్నమాట నిజము. పదునాలుగు ఆటలలో రెండే గెలిచి ఎనిమిది జట్లలో ఎనిమిదవదై కూర్చున్నమాటయు నిజము. అయితే సైమండ్స్ ఆ యేడు ఆడినవి నాలుగే ఆటలు. ఆస్ట్రేలియా జట్టు వెస్టిండీసు పర్యటనకు పోవుచుండగా నడుమనే వదలి పోవలసి వచ్చెను. ఏప్రిల్ 24న హైదరాబాదులో రాజస్థాన్ జట్టుపై 53 బంతులలో 117 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. అదే రాత్రి కడపటి ఓవరు బంతియు ఆయన చేతికే ఇచ్చిరి. షేన్ వార్న్ రెండు సిక్సర్లు కొట్టి ఆట లాగికొనిపోయెను. మా వసారాకు ఆ రెండు సిక్సర్లు జ్ఞాపకమున్నవి గాని ఆ నూటపదునేడు జ్ఞాపకము లేవు. మరుసటి యేడు గిల్‌క్రిస్ట్ నాయకత్వమున చార్జర్స్ జట్టు కప్పు గెలిచినప్పుడు సైమండ్స్ ఆ జట్టులోనే యుండెను. 2022 మే నెలలో కారు ప్రమాదమున ఆయన మరణించిన వార్త వచ్చిననాడు మా మరిదిగారు రెండు పూటలు ఎవరితోడను మాటాడలేదు. దండగబేరమునకు ఇంత దుఃఖమేలనని మేమును అడుగలేదు.

ఆ వేలమున మా మనసునకు నచ్చిన సంగతి వేరు. కొందరు ఆటగాండ్రకు సొంత నగరపు 'ఐకాన్' అను హోదా నిచ్చిరి. అట్టివారికి, ఆ జట్టు వేలమున కొన్నవారిలో అందరికన్న హెచ్చు ధర పలికినవానికంటె నూటికి పదునైదు పాళ్లు అధికముగా చెల్లింపవలెను. వి.వి.యస్. లక్ష్మణ్‌గారు జట్టు సంచిలో సొమ్ము మిగులునని ఆ హోదా తమకు వలదనిరి. పదునెనిమిదేండ్ల వసారా వాదములలో ఈ మాట ఎత్తినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

మా అబ్బాయి కోపము కొనుగోళ్లపై కాదు, మార్పిళ్లపై. 2018 చివర శిఖర్ ధావన్‌ను ఢిల్లీ జట్టునకిచ్చి, విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ అను ముగ్గురిని పుచ్చుకొనిరి. ఆనాడు వాడు అన్నము సరిగా తినలేదు. 2019లో ధావన్ ఢిల్లీకి 521 పరుగులు చేయగా కోపము రెట్టింపైనది. అభిషేక్ అప్పటికి పదునెనిమిదేండ్ల కుర్రవాడు. కాపునకు వచ్చిన చెట్టునిచ్చి మొక్క తెచ్చుకొనుట వంటిది ఆ బేరము. కోనసీమ ఆడపడుచులకు మేము చెప్పవలసినది లేదు. నాటుకొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును, అందాక నీరు పోసి ఊరకుండవలెను. ఆరవ యేట, 2024లో, ఆ మొక్క 484 పరుగులు కాసినది. అందు సిక్సర్లే 42. నడుమ 2022 వేలమున ఆరున్నర కోట్లకు మరల కొనుక్కొనవలసి వచ్చినదనుకొనుడు. 2025 ఏప్రిల్ 12న పంజాబుపై 55 బంతులలో 141 పరుగులు చేసిన రాత్రి మా అబ్బాయి, "నేనప్పుడే అన్నాను కదమ్మా, కుర్రాడు బంగారమని" అనెను. మేము మారు పలుకక మజ్జిగ పోసితిమి.

అంబాజీపేటలో కురిడీ బేరము చూచినవారికి ఒక సంగతి తెలియును. కాయను చెవియొద్ద ఆడించి, లోని కొబ్బరి కదలు చప్పుడును బట్టి ధర కట్టుదురు. పగులగొట్టి చూచుటకు వీలు లేదు. ఆటగాండ్ర వేలమును అట్టిదే గాని, ఒక్క భేదము గలదు. కురిడీ ఏ ఊరికి పోయినను అదే కురిడీ. మనుష్యుడు ఉన్న చోటును బట్టి మారును. 2022లో సన్‌రైజర్స్ వారు నికొలస్ పూరన్‌ను 10 కోట్ల 75 లక్షలకు కొనిరి, 306 పరుగులు చేసెను, చాలవని వదలివేసిరి. లక్నోవారు 16 కోట్లు పెట్టి తీసికొనిపోగా 2025లో అతడే 524 పరుగులు చేసెను. పూరన్‌ను వదలి, 2022 డిసెంబరు వేలమున హ్యారీ బ్రూక్‌ను 13 కోట్ల 25 లక్షలకు తెచ్చుకొనిరి. అతడు 2023 ఏప్రిల్ 14న కలకత్తాలో నూరు పరుగులు చేసెను. తక్కిన పది పర్యాయములును కలిపి తొంబది. ఒకనాడు మొదట పంపిరి, ఒకనాడు నడుమ పంపిరి. కడకు వానిని వదలిరి. మరుసటి యేడు అక్టోబరులో ముల్తాను టెస్టున పాకిస్తానుపై అతడే 317 పరుగులు చేసెను. "పదమూడు కోట్లు గౌతమిలో పోసినట్టేనండి" అని దింపు మేస్త్రీ ఇప్పటికిని అనుచుండును. పోసినది నిజమే, అయితే బ్రూక్ పోయలేదు గదా!

అట్లని హెచ్చు ధర ఎల్లప్పుడును చేటు కాదు. 2023 డిసెంబరు 19న దుబాయి వేలమున పాట్ కమ్మిన్స్‌ను 20 కోట్ల 50 లక్షలకు కొన్నప్పుడు మా వసారా నవ్వినది. మరుసటి యేడు ఆయన నాయకత్వమున జట్టు అంతిమ పోటీ దాక పోయెను. అక్కడ 113 పరుగులకే కూలిపోవుట వేరు మాట. 6 కోట్ల 80 లక్షలకు తెచ్చిన ట్రావిస్ హెడ్ 567 పరుగులు చేసెను. ఆ వేలమున సుత్తి పట్టినది మల్లికా సాగర్‌గారు, ఐ.పి.ఎల్. వేలమును నడిపిన మొదటి స్త్రీ. ఆనాడే పంజాబువారు శశాంక్ సింగ్ అను వానిని 20 లక్షలకు కొని, ఈతడు మేము కోరినవాడు కాడేమోనని బల్లయొద్ద తడబడిరి. సుత్తి పడినది, వల్లగాదని ఆమె చెప్పెను. 2024లో ఆ శశాంకుడే వారికి 354 పరుగులు చేసి ఆటలు గెలిపించెను. అతడు 2022లో మన జట్టున ఉండి వదలివేయబడినవాడే.

చెడుగుడు విషయము ఒక్క మాటలో చెప్పి ముగింతుము, ఏలననగా అది మా మరిదిగారికి పుండు. 2023 వేలమున తెలుగు టైటాన్స్ వారు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనిరి. పవన్ ఒక్కడే కూతకు పోయి రెండు వందలకు పైగా పాయింట్లు తెచ్చెను. జట్టు ఇరువదిరెండు ఆటలలో రెండే గెలిచెను. ఒంటి స్తంభముపై ఇల్లు కట్టి, స్తంభమును తిట్టినట్లున్నది.

ఇక మా అత్తగారి సంగతికి వచ్చెదము. ఎనుబది రెండేండ్ల వారు. వసారాలో ధరల ప్రసంగము వారికి పట్టదు. ఎవరు ఏమి వాదించుచున్నను నడుమ నొక ప్రశ్న మాత్రము వేయుదురు: "ఆ పిల్లాణ్ణి ఎందుకు తీసేశార్రా?"

ఆ పిల్లవాడు డేవిడ్ వార్నర్. 2014లో సన్‌రైజర్స్ జట్టునకు వచ్చెను. 2016లో 848 పరుగులు చేసి, నాయకుడై కప్పు తెచ్చెను. 2019లో మరల 692. కరోనా వచ్చి 2020లో లోకమంతయు తలుపులు మూసికొని కూర్చున్నప్పుడు, ఆయన భార్యాబిడ్డలతో 'బుట్టబొమ్మ' పాటకు నృత్యము చేసి ఆ చిత్రమును పంపగా, మా యింట సెల్‌ఫోనులో దానిని చూడనివారు లేరు. మా అత్తగారు ఆ చిన్నబిడ్డలకు దిష్టి తగులునని తెరకే దిష్టి తీసిరి.

2021లో జట్టు ఓడుచుండెను. మే 1న ఆయన నాయకత్వమును తీసి కేన్ విలియమ్సన్‌కిచ్చిరి. మరునాడు ఢిల్లీలో జరిగిన ఆటకు జట్టులో చోటే లేదు. కప్పు తెచ్చినవాడు తోటివారికి నీళ్లసీసాలు మోసికొని మైదానములోనికి పోవుట ఆనాడు దూరదర్శినిలో మేమందరమును చూచితిమి. అత్తగారు లేచి లోనికి పోయిరి. జట్టు ఆ యేడు అట్టడుగుననే ముగించెను. వార్నర్‌ను వదలివేసిరి. 2021 నవంబరు 14న దుబాయిలో ప్రపంచకప్పు అంతిమ పోటీ జరిగినది. ఒక వైపు విలియమ్సన్ నాయకుడుగా న్యూజీలాండు, మరియొక వైపు వార్నర్ గల ఆస్ట్రేలియా. విలియమ్సన్ 85 పరుగులు చేసెను. వార్నర్ 53 చేసెను. ఆస్ట్రేలియా గెలిచెను, పోటీలన్నింటిలో ఉత్తముడను బిరుదు వార్నర్‌కు వచ్చెను. మా వసారాలో ఆనాడు లెక్కలు వేసిరి: ఎన్ని కోట్లవాడు, ఎన్ని పరుగులకు వదిలిరి, ఎవరికి లాభము. నీళ్లసీసాల మాట అత్తగారు తప్ప ఎవరును ఎత్తలేదు.

స్త్రీల పోటీలలో వేరొక తీరు చూచితిమి. 2023 ఫిబ్రవరిలో బెంగళూరువారు స్మృతి మంధానను 3 కోట్ల 40 లక్షలకు కొనిరి. ఆ వేలమున అంతకు మించిన ధర లేదు. ఆ యేడు ఆమె ఎనిమిది ఆటలలో చేసినవి 149 పరుగులు. జట్టు మొదటి యైదు ఆటలును ఓడెను. దండగబేరమని దేశమెల్ల అనెను. ఐనను నాయకత్వమును తీయలేదు, పక్కన కూర్చుండబెట్టలేదు. 2024 మార్చి 17న అదే జట్టు కప్పు గెలిచెను. మన కడప జిల్లా బిడ్డ శ్రీ చరణిని ఢిల్లీవారు 2024 డిసెంబరున 55 లక్షలకు కొన్నప్పుడు ఎవరీ పిల్ల యని అడిగినవారే యెక్కువ. 2025 నవంబరు 2న ప్రపంచకప్పు గెలిచిన భారత జట్టున ఆమె ఉండెను. ఆ పోటీలలో 14 వికెట్లు తీసినది. ఆ నెలలోనే ఆమె ధర 1 కోటి 30 లక్షలైనది.

దూరపు సంగతులు చెప్పుట సులభము. మా వీధి సంగతియు చెప్పక తప్పదు.

సంక్రాంతి దినములలో మా చుట్టుపట్ల వీధి జట్లు పోటీలాడును. రెండేండ్ల క్రిందట మావారు గెలువవలెనను పట్టుదలతో చందా పోగుచేసి, పొరుగూరినుండి వేగముగా బంతి వేయు కుర్రవానిని అయిదు వేలిచ్చి తెచ్చిరి. తెత్తమన్నవాడు మా పెద్దబ్బాయి. చందాలో వేయి రూపాయలు మావి. అంతకు మూడేండ్లనుండి మా వీధికి బంతి వేయుచున్న పక్కింటి అబ్బాయి ఉన్నాడు. పదునేడేండ్లవాడు. వానికి నీళ్లడబ్బా అప్పగించిరి. కూలికి వచ్చినవాడు ముందునాడు పగలంతయు వేరొక ఊర ఆడి వచ్చెనట. భుజము పట్టుకొనుచునే వేసెను. ఎవరును అడుగలేదు. రెండవ ఆటలోనే ఓడితిమి.

అటు పిమ్మట యేడాది పొడుగున వసారాలో ఆ అయిదు వేల మాటయే. కూలివాడు మోసగించెనని ఒకరు, మూడు వేలకే వచ్చియుండునని మరియొకరు. పక్కింటి అబ్బాయి ఆ సాయంకాలము ఇంటికి వచ్చి బూట్లు అటకమీద పెట్టెను. మరల దింపలేదు. వాని తల్లి ప్రతి దినమును మజ్జిగకు మా యింటికి వచ్చును. ఒక్కనాడును ఆ మాట ఎత్తలేదు. మేమును ఎత్తలేదు. ఆమెతో చింతకాయ పచ్చడి ధర మాటాడుచు, ఆ వేయి రూపాయలు మనసులో మెదలుచుండగా, మేము మాట మార్చుకొనుచు వచ్చితిమి.

గత ఆదివారము వసారాలో ఈ సంక్రాంతి జట్టునకు పేర్లు వ్రాయుచుండిరి. ఈ మారు ఏ ఊరివానిని తేవలెను, ఎంతకు వచ్చునని ప్రసంగము. అత్తగారు వత్తులు చేసికొనుచు ఎప్పటివలెనే, "ఆ పిల్లాణ్ణి ఎందుకు తీసేశార్రా?" అనిరి.

"వార్నర్ ఇప్పుడు ఐ.పి.ఎల్. ఆడట్లేదు నానమ్మా" అని మా అబ్బాయి నవ్వెను.

"వాడు కాదురా, పక్కింటి పిల్లాడు" అనిరి అత్తగారు.

మేస్త్రీ కాఫీగ్లాసు క్రిందపెట్టెను. మా మరిదిగారు వీధివైపు చూచిరి. అబ్బాయి కాగితము మడిచి జేబులో పెట్టుకొని లోనికి వచ్చి, మంచినీళ్లు త్రాగి, మాతో ఒక్క మాటయు అనక పోయెను. చీకటిపడు వేళ పక్కింటి గుమ్మమున వాని చెప్పులు కనబడినవి. చాలసేపుండెను. లోపల ఏమి మాటాడుకొనిరో మేము అడుగలేదు.

మరునాడు మజ్జిగకు వచ్చిన తల్లి, అటకమీది బూట్లు దింపెనని చెప్పినది. పాదము పెరిగినదట, వ్రేళ్లు పట్టుట లేదట. అమలాపురములో బూట్లు ఏ అంగడిలో చౌకయో మాకు తెలియునా యని అడిగినది. శుక్రవారము ఉదయపు బస్సునకు ఆమెతో మేమును పోవుచున్నాము. ముగ్గుల సంగతి వచ్చు మాసమున.